డిస్క్ జారిందంటే ఇక ఆపరేషనేనా?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది గాజువాక. మా ఆయనకి 41 ఏళ్ళు, ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పని. దసరా ముందర ఇంట్లో నీళ్ళ టిన్ను ఎత్తబోతే నడుం పట్టేసింది. నాలుగు నెలలు దాటింది, అప్పట్నుంచి ఎడమ పిర్ర దగ్గర మొదలై పిక్క దాకా ఒకటే లాగుడు, తిమ్మిరి. ఎమ్మారై తీయిస్తే ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని రాశారు. ఒక డాక్టరు గారు ఆపరేషన్ అన్నారు, ఇంకొకరు మంచం దిగొద్దన్నారు. మా అత్తయ్యేమో పుత్తూరు కట్టు కట్టిద్దామంటున్నారు. బెల్టు పగలూ రాత్రీ తీయడం లేదు, నొప్పి మాత్రలు వేసుకుంటూనే ఉన్నారు. ఆపరేషన్ చేయిస్తే కాళ్ళు పడిపోతాయని పక్కింటివాళ్ళు, చేయించకపోతే పడిపోతాయని ఆయన స్నేహితులు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఆపరేషన్ లేకుండా తగ్గే దారి ఉందా?

జవాబు: ఉందమ్మా. కానీ ముందు రెండు సంగతులు చూసుకుని, అవి లేవని తేలాకే మిగతాది చదవండి. మూత్రం బిగబట్టినట్టయి రాకపోవడం గానీ, వస్తున్నట్టు తెలియకపోవడం గానీ, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారిపోవడం గానీ ఉంటే ఇక ఇంట్లో కూర్చుని ఆలోచించడానికి లేదు. అర్ధరాత్రయినా సరే విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ క్యాజువాలిటీకో, న్యూరోసర్జన్ ఉన్న దగ్గర్లోని ఆసుపత్రికో తీసుకెళ్ళాలి, ఎందుకంటే అక్కడ నలిగేది ఒక్క నరం కాదు, వెన్నుపాము కింద ఉండే నరాల గుత్తి మొత్తం. ఆలస్యమైతే ఆ నష్టం అలాగే ఉండిపోవచ్చు.

రెండోది కాలి బలం. ఆయన్ని వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా మడమల మీద నడవమనండి. ఎడమ పాదం ముందు భాగం పైకి లేవకుండా టపటపా నేలకి కొట్టుకుంటోందా? నడుస్తుంటే ఆ కాలి చెప్పు తెలియకుండా జారిపోతోందా? తర్వాత గోడ పట్టుకుని ఒక్క ఎడమ కాలి మీదే నిలబడి, మునివేళ్ళ మీద పది సార్లు లేవమనండి, కుడి కాలితో పోల్చి చూడండి. బలం తగ్గినట్టు కనిపించినా, వారం వారానికీ తగ్గుతూ వస్తున్నా వెంటనే సర్జన్‌కి చూపించాలి, అప్పుడు ఆపరేషన్ చేయించుకోమనే నేనూ చెబుతాను.

ఈ రెండూ లేవనుకుందాం. డిస్క్ అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త (ఎల్4-ఎల్5 అంటే నడుం దగ్గరి నాలుగో, అయిదో పూసల మధ్యది), పైన గట్టి పొరలు, లోపల తాటిముంజె లాంటి గుజ్జు. పొర చిట్లితే ఆ గుజ్జు బయటికొచ్చి పక్కనున్న నరాన్ని నొక్కుతుంది, నొక్కడమే కాదు, అక్కడ వాపు తెస్తుంది, అందుకే దెబ్బ నడుంలో ఉన్నా బాధ పిక్కలో. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, బయటికొచ్చిన ఆ గుజ్జుని శరీరం పరాయి వస్తువులా చూసి రక్షణ కణాలతో కొంచెం కొంచెంగా కరిగించేస్తుంది, పెద్ద ముక్క జారినవాళ్ళలోనే ఇది ఎక్కువగా జరుగుతుంది కూడా. కాబట్టి రిపోర్టులో ఉన్న పెద్ద పెద్ద మాటలు చూసి బెంబేలెత్తకండి. నడుం నొప్పే లేనివాళ్ళ స్కాన్ల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్క చూస్తే, 40 ఏళ్ళవాళ్ళలో సగం మందికి డిస్క్ ఉబ్బి ఉంది. మీ ఆయనకి రిపోర్టూ కాలి నొప్పీ ఒకే వైపు కలిశాయి కాబట్టి కారణం డిస్కే అనుకోవచ్చు, అంతవరకే ఆ రిపోర్టు పని.

మామూలుగా ఇలాంటి కాలి లాగుడు ఆరు నుంచి పన్నెండు వారాల్లో చాలామందికి బాగా తగ్గుతుంది. మీకు ఆ గడువు దాటిపోయింది, నిజమే. కానీ మీరు రాసినదాన్ని బట్టి ఇన్ని నెలలూ మంచం, బెల్టు, మాత్రలు తప్ప ఇంకేమీ జరగలేదు, అంటే అసలు వైద్యం మొదలే కాలేదన్నమాట. మంచానికి కట్టిపడేస్తే డిస్క్ లోపలికి పోదమ్మా, నడుం కండరాలు మాత్రం సన్నబడిపోతాయి. నెదర్లాండ్స్‌లో 1999లో కాలికి లాగే నొప్పి ఉన్నవాళ్ళని రెండు వారాలు మంచాన ఉంచి, ఉంచనివాళ్ళతో పోల్చి చూశారు, ఏమీ తేడా రాలేదు. బెల్టు పనిలో ఉన్న కాసేపు పెట్టుకోమనండి, ఇంటికి రాగానే తీసేయాలి, పడుకునేటప్పుడు అసలు వద్దు. అత్తయ్య గారికి మెల్లగా చెప్పండి, పుత్తూరు కట్టు విరిగిన ఎముకలకి కట్టేది, ఇక్కడ విరిగిన ఎముకేదీ లేదు. నడుం మీద ఎక్కి తొక్కించడం, మెలితిప్పి టక్కుమనిపించడం మాత్రం చచ్చినా చేయించకండి.

ఇక చేయాల్సింది. చాప మీద బోర్లా పడుకుని అయిదు నిమిషాలు అలా ఉండమనండి. అది ఓర్చుకోగలిగితే మోచేతుల మీద లేచి ఇంకో రెండు మూడు నిమిషాలు. ఆ తర్వాత, నడుం వదులుగా ఉంచి, అరచేతులతో నేలని నొక్కుతూ ఛాతీ పైకి లేపి దించడం, పది సార్లు, రోజులో నాలుగైదు విడతలు. ఇక్కడ ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోవాలి: పిక్కలో ఉన్న నొప్పి తొడకి, తొడలోది పిర్రకి, అక్కణ్ణుంచి నడుంకి జరుగుతుంటే అది మంచి గుర్తు, నడుంలో కాస్త ఎక్కువైనట్టు అనిపించినా సరే. అదే నొప్పి ఇంకా కిందికి, పాదంలోకి దిగుతుంటే ఆపేసి ఫిజియోథెరపిస్టుని కలవండి, ఆయనకి పడే కదలిక వేరే ఉండొచ్చు. దీంతోపాటు నడక, చదునైన చోట, మొదట పది నిమిషాలు పొద్దునా సాయంత్రం, తర్వాత పెంచుకుంటూ అరగంట దాకా. బీచ్‌కి వెళ్తే ఫుట్‌పాత్ మీద నడవాలి, ఇసకలో వద్దు, కాలు కుంగిన ప్రతిసారీ నడుం మెలిపడుతుంది.

రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని బిగువుగా ఉంటాయి కాబట్టి లేచిన మొదటి గంట ముందుకి వంగకూడదు, పక్కకి తిరిగి, చేతి ఆసరాతో లేవాలి. లేత్ దగ్గర గంటల తరబడి ఒకే తీరున నిలబడకుండా ఒక కాలు చిన్న చెక్క దిమ్మ మీద పెట్టి, కాసేపటికి కాలు మార్చమనండి. జాబ్‌లు (లేత్ మీద చెక్కే ముక్కలు), టూల్స్ నేల మీద కాకుండా నడుం ఎత్తులో ఒక బల్ల మీద ఉంచుకుంటే రోజుకి ఎన్ని వంగుళ్ళు తప్పుతాయో ఆయనకే తెలుస్తుంది. బరువైన చక్ (ఆ ముక్కని బిగించే లేత్ భాగం) ఎత్తేటప్పుడు ఇంకొకళ్ళని పిలవడానికి మొహమాటపడొద్దు. సిగరెట్టు అలవాటుంటే మానేయాలి, డిస్క్‌కి అసలే రక్తప్రసరణ అంతంతమాత్రం, పొగ దాన్ని కూడా తగ్గిస్తుంది.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు నెలల తరబడి వేసుకుంటే కిడ్నీలకీ కడుపుకీ ముప్పు. నరాల మాత్రలని ఇచ్చే ప్రీగాబాలిన్ ఈ కాలి నొప్పికి ఉత్తుత్తి మాత్ర కంటే ఎక్కువేమీ పనిచేయలేదని ఆస్ట్రేలియాలో 2017లో తేలింది. ఇప్పటికే వాడుతుంటే ఠక్కున ఆపకుండా డాక్టరు చెప్పినట్టు తగ్గించుకోవాలి.

ఇవన్నీ ఆరు నుంచి ఎనిమిది వారాలు నిజంగా, రోజూ చేసి చూడండి. అప్పటికీ కాలి నొప్పి నిద్ర పట్టనివ్వకపోతే, పనికి వెళ్ళనివ్వకపోతే, ఆపరేషన్ మాట ఎత్తడానికి భయపడకండి. నొప్పి కొత్తగా వచ్చినవాళ్ళలో ముందే చేయించుకున్నా, ఆగి చూసినా ఏడాది తిరిగేసరికి ఇద్దరి పరిస్థితీ దాదాపు ఒకటే. కానీ నాలుగు నెలలు దాటి కాలి నొప్పి ఉన్నవాళ్ళ మీద కెనడాలో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో మాత్రం ఆపరేషన్ వాళ్ళకే ఎక్కువ ఉపశమనం కనిపించింది. మీ ఆయన ఈ రెండో రకంలోకి వస్తారు కాబట్టి ఈ మాట దాచడం నాకు ఇష్టం లేదు. కాళ్ళు పడిపోవడం ఈ ఆపరేషన్‌లో చాలా అరుదు, చాలామందిని మర్నాటికే నడిపిస్తారు.

ప్రశ్న: మా అమ్మకి 58 ఏళ్ళు, షుగర్ ఉంది. డిస్క్ నొప్పికి నడుంలో ఇంజెక్షన్ చేస్తామంటున్నారు. మంచిదేనా? – సీతమ్మధార

జవాబు: చేయించొచ్చు. కానీ అది కాలి నొప్పిని కొన్ని వారాలు తగ్గిస్తుంది, అంతే, డిస్క్‌ని సరిచేయదు. నొప్పి తగ్గిన ఆ వారాల్లో వ్యాయామం మొదలుపెడితేనే చేయించినందుకు ఫలితం. అందులో స్టెరాయిడ్ ఉంటుంది కాబట్టి కొద్ది రోజులు షుగర్ బాగా పెరగొచ్చు, ఇంట్లో మిషన్‌తో రోజూ చూస్తుండండి. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి.

ప్రశ్న: ఏటా సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తాను. పోయినేడాది డిస్క్ జారింది, ఇప్పుడు చాలా నయం. ఈ ఆషాఢానికి వెళ్ళొచ్చా? – గోపాలపట్నం

జవాబు: 32 కిలోమీటర్లంటే మాటలు కాదు. ఇప్పుడు ఒక్క విడతలో ఎంత దూరం కాలు లాగకుండా నడవగలరో చూసుకోండి. రెండు గంటలు హాయిగా నడవగలిగితే, వారం వారం కొంచెం పెంచుకుంటూ వెళ్ళి ప్రయత్నించొచ్చు. అరగంటకే పిక్క పట్టేస్తుంటే మాత్రం ఈ ఏడాదికి గుడి చుట్టూ ప్రదక్షిణతో సరిపెట్టుకోండి, అప్పన్న స్వామి ఏమీ అనుకోడు. వెళ్ళేట్టయితే కొత్త చెప్పులు గానీ, ఉత్తి కాళ్ళతో తారు రోడ్డు గానీ వద్దు, సంచి భుజాన వేయకండి, గంటకోసారి ఆగండి. ఆగినప్పుడు కింద చతికిలబడకుండా గోడకో చెట్టుకో ఆనుకుని నిలబడండి. హనుమంతవాక దాటకముందే కాలు లాగితే అక్కడే ఆటో ఎక్కేయండి, మొండికేసి ముందుకి వెళ్ళొద్దు.