డైపర్ మానిపించే ముందు పిల్లల డాక్టర్‌ను అడగండి

బెంగళూరుకు కొత్తగా వచ్చిన తెలుగు దంపతులు ఇంటి అద్దె, కావేరి నీళ్లు, ఆఫీసు బస్సుల గురించి అడగడం అయిపోయాక కొంచెం మొహమాటపడుతూ ఇంకో మాట అడుగుతారు. "జూన్‌లో బాబును ప్లే స్కూల్‌లో వేయాలి. డైపర్ మానేస్తేనే తీసుకుంటామంటున్నారు. నెల రోజుల్లో అలవాటు చేయగలమా?" మారతహళ్లి అయినా, వైట్‌ఫీల్డ్ అయినా, ఎలక్ట్రానిక్ సిటీ అయినా ప్రశ్న ఇదే. ఈ ఊళ్లోనే పిల్లల్ని పెంచి, ఎందరో తెలుగువాళ్ల పిల్లలు పెరగడం చూసినదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: ఆ గడువును స్కూలువాళ్ల చేతుల్లో పెట్టకండి. అడ్మిషన్ ఫారం నింపడానికి చాలా ముందే మీ పిల్లల డాక్టర్‌తో ఈ సంగతి మాట్లాడండి.

టీకాలకు, జ్వరానికి, దగ్గుకు మాత్రమే డాక్టర్ అనుకుంటాం. ఒంటికి, రెంటికి వెళ్లే అలవాటు ఇంటి విషయమనీ, డాక్టర్‌ను అడిగితే నవ్వుతారనీ మనవాళ్లకు ఒక సంకోచం. నిజానికి పిల్లల డాక్టర్లు చదువుకునే వాటిలో ఇదీ ఒకటి. 16 నుంచి 18 నెలల మధ్య బూస్టర్ టీకాకు ఎలాగూ వెళ్తారు. ఆ రోజే అడగండి. అప్పటికి ఇంకా తొందర లేదు కాబట్టి డాక్టర్ చెప్పింది నిదానంగా పాటించే వీలుంటుంది. శనివారం సాయంత్రం క్లినిక్‌లన్నీ కిటకిటలాడతాయి, ఒక్కొక్కరికి దక్కేది కొద్ది నిమిషాలే. వీలైతే మామూలు రోజు ఉదయం వెళ్లండి. వెళ్లే ముందు వారం రోజులు బిడ్డ ఎప్పుడెప్పుడు మూత్రం పోస్తోంది, విరేచనం ఎన్ని రోజులకొకసారి అవుతోంది, గట్టిగా ఉందా మెత్తగా ఉందా, పాలు ఎన్ని తాగుతోంది అని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కాగితం చేతిలో ఉంటే డాక్టర్ కొద్ది నిమిషాల్లోనే పనికొచ్చే సలహా ఇవ్వగలరు. భాష గురించి బెంగ వద్దు, ఈ ఊళ్లో తెలుగు మాట్లాడే డాక్టర్లకు కొరత లేదు.

ఎన్నో నెలకు మొదలుపెట్టాలన్న ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పలేం. అమెరికాలో టి. బెర్రీ బ్రేజెల్టన్ అనే పిల్లల వైద్యుడు వెయ్యికి పైగా పిల్లల వివరాలు చూసి 1962లో ఒక వ్యాసం ప్రచురించారు. బిడ్డ సిద్ధమయ్యాకే మొదలుపెట్టాలి, బలవంతం పనికిరాదు అన్నది ఆయన మాట. ఈ రోజుకీ చాలామంది డాక్టర్ల సలహాకు అదే ఆధారం. అక్కడే 2003లో వచ్చిన మరో అధ్యయనం ఇంకో సంగతి తేల్చింది. 27 నెలలు నిండకముందే రోజుకు పలుమార్లు కూర్చోబెట్టి గట్టిగా నేర్పడం మొదలుపెట్టినంత మాత్రాన పని త్వరగా పూర్తి కాలేదు, నేర్పే కాలమే పెరిగింది. రెండేళ్లు వచ్చినా ఇంకా అలవాటు కాలేదని కంగారుపడే తల్లులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

సిద్ధమైన బిడ్డను గుర్తుపట్టడం కష్టం కాదు. పగలు దాదాపు రెండు గంటలు డైపర్ పొడిగా ఉంటుంది. రెంటికి వచ్చేటప్పుడు సోఫా వెనక్కో, కర్టెన్ చాటుకో వెళ్లి నిలబడుతుంది. తడిసిన డైపర్‌ను లాగి చూపిస్తుంది. "చెప్పులు తీసుకురా" అంటే తెస్తుంది. నిక్కరు కిందికి లాక్కోవడానికి ప్రయత్నిస్తుంది. మీరు బాత్రూమ్‌కు వెళ్తే వెంట వస్తుంది. ఇవన్నీ ఒకే రోజు రావు. సగానికి పైగా కనిపిస్తే మొదలుపెట్టవచ్చు. ఇల్లు మారిన నెలలో, చెల్లో తమ్ముడో పుట్టినప్పుడు, అమ్మ మళ్లీ ఉద్యోగంలో చేరిన వారంలో మాత్రం వద్దు. కొత్తగా ఈ ఊరు వచ్చినవాళ్లకు మరీ మరీ చెబుతున్నాను, బిడ్డకు ముందు ఈ ఇల్లు తన ఇల్లు అనిపించనివ్వండి.

ఇక అమ్మమ్మలు, నాయనమ్మల మాట. ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ డైపర్ చూడగానే "మీ అమ్మకు ఏడాది నిండేసరికి అన్నీ అలవాటయ్యాయి" అంటారు. అది అబద్ధం కాదు. రెండు పాదాలు దగ్గరగా పెట్టి, పసిబిడ్డను వాటి మీద కూర్చోబెట్టి, "ఉస్ ఉస్" అంటూ శబ్దం చేసే పద్ధతి మన ఇళ్లలో తరతరాలుగా ఉంది. బిడ్డ ముఖం చూసి వేళ పసిగట్టగల పెద్దవాళ్లు పగలంతా పక్కన ఉన్నప్పుడు అది బాగా పనిచేస్తుంది. ఇద్దరూ ఆఫీసుకు వెళ్లే ఫ్లాట్‌లో ఆ కళ్లు లేవు. పైగా ఇప్పటి డైపర్ తడిని పీల్చేసుకుంటుంది కాబట్టి ఒళ్లు తడిసిన సంగతి బిడ్డకే తెలియదు. అందువల్ల అత్తాకోడళ్ల మధ్య దీని మీద మాట పెరగనివ్వకండి. ఆవిడ ఇక్కడ ఉన్న రోజుల్లో పగలు ఇంట్లో కొన్ని గంటలు డైపర్ లేకుండా ఉంచే బాధ్యత ఆవిడకే అప్పజెప్పండి, ఆవిడ అనుభవం అక్కడ చాలా ఉపయోగపడుతుంది. డాక్టర్ దగ్గరకూ ఆవిడను తీసుకెళ్లండి. ఒకే మాట అందరూ ఒకేసారి వింటే ఇంట్లో రెండు పద్ధతులు నడవవు.

అన్నిటికంటే ఎక్కువగా చెప్పాల్సింది మలబద్ధకం గురించి. ఈ అలవాటు దగ్గర ఇబ్బంది పడే ఇళ్లలో ఎన్నో చోట్ల అసలు కారణం అదే, కానీ దాన్ని మొండితనం అనుకుంటారు. ఒకసారి గట్టిగా అయి నొప్పి పుడితే బిడ్డ మర్నాడు రానివ్వకుండా బిగబట్టుకుంటుంది. కాళ్లు పెనవేసుకుని, మునివేళ్ల మీద నిలబడి, ముఖం ఎర్రబడేలా బిగపట్టడం చూసి ముక్కుతోంది అనుకుంటాం. అది బయటికి రాకుండా ఆపుకోవడం. ఆపుకున్న కొద్దీ లోపల ఇంకా గట్టిపడుతుంది, మళ్లీ నొప్పి, మళ్లీ బిగబట్టడం. కొన్నాళ్లకు గట్టిపడిన మలం పక్కల నుంచి పలుచగా కారి నిక్కర్లు పాడవుతుంటే విరేచనాలనుకుని ఆపే మందు వేసేవాళ్లూ ఉన్నారు. అది చాలా తప్పు. ఈ స్థితిలో బిడ్డను పాటీ (ఒంటికి, రెంటికి పిల్లలు కూర్చునే చిన్న సీటు) మీద కూర్చోబెట్టి నేర్పబోతే భయం రెట్టింపవుతుంది. ముందు మలబద్ధకం తగ్గాలి, ఆ తరువాతే శిక్షణ.

దీనికి డాక్టర్ పొట్ట నొక్కి చూసి, అవసరమైతే మలాన్ని మెత్తబరిచే మందు రాస్తారు. లాక్టులోజ్ సిరప్, పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి ఇక్కడ మామూలుగా రాసేవే. రెండు రోజులు మెత్తగా అవగానే మనంతట మనమే ఆపేస్తాం, సమస్య మళ్లీ మొదటికి వస్తుంది. భయం పోయి పేగు మళ్లీ మామూలు అయ్యేవరకు, ఒక్కోసారి నెలల తరబడి వాడమంటారు. అలవాటైపోతుందన్న భయంతో మానకండి, ఎప్పుడు ఎలా తగ్గించాలో వాళ్లనే అడగండి. తమలపాకు కాడకు ఆముదం రాసి పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం మన ఇళ్లలో ఇంకా ఉంది. దయచేసి వద్దు. అప్పటికే ఆ చోటు నొప్పితో భయపడుతున్న బిడ్డకు అది ఇంకో గాయం.

తిండి కూడా చూసుకోవాలి. పనుల హడావిడిలో అన్నం తినలేదని బాటిల్ నిండా పాలు, రెండు బిస్కెట్లు ఇచ్చి సరిపెట్టే ఇళ్లు ఈ ఊళ్లో ఎక్కువే. ఏడాది దాటిన పిల్లలకు రోజుకు సుమారు అర లీటరు పాలు చాలు. అంతకు మించితే ఆకలి చచ్చి పప్పన్నం, కూర, పండు లోపలికి పోవు, మలం గట్టిపడుతుంది, రక్తం కూడా తగ్గుతుంది. బొప్పాయి, జామ, నానబెట్టిన ఎండు ద్రాక్ష, ఆకుకూర పప్పు, తగినన్ని నీళ్లు ఇవ్వండి. బెంగళూరు చలికి పిల్లలు దాహం అనరు, మనమే గుర్తుచేయాలి.

ఆ చలి వల్లే డిసెంబరు, జనవరి కంటే ఎండలు మొదలయ్యాక శిక్షణ పెట్టుకుంటే తేలిక అని నా అభిప్రాయం. నేల చల్లగా ఉండదు, తడిసిన బట్టలు త్వరగా ఆరతాయి. ఎండాకాలం ట్యాంకర్ నీళ్ల మీద బతికే అపార్ట్‌మెంట్ అయితే మాత్రం నూలు నిక్కర్లు ఎక్కువ కొని పెట్టుకుని రోజుకు ఒకేసారి ఉతకండి.

నేల మీద పెట్టే చిన్న పాటీ మొదట్లో మంచిది. పెద్ద కమోడ్ మీద కూర్చోబెడితే చిన్న సీటు బిగించి, పాదాల కింద తప్పకుండా పీట వేయండి. కాళ్లు గాలిలో వేలాడితే ముక్కడానికి బలం చాలదు. అన్నం తిన్న పావుగంటకో ఇరవై నిమిషాలకో కూర్చోబెట్టండి, కడుపు నిండగానే పేగు కదలడం సహజం కాబట్టి అప్పుడు అవకాశం ఎక్కువ. ఐదు నిమిషాలు చాలు, రాకపోతే లేపేయండి. ఫోను చేతికిచ్చి అరగంట కూర్చోబెట్టడం వల్ల ఏమీ రాదు. ఫ్లష్ శబ్దానికి, జెట్ నీళ్లకు భయపడే పిల్లలుంటారు, బిడ్డ బయటికి వచ్చాక ఫ్లష్ చేయండి, చెంబుతో కడగండి. ఆడపిల్లను ముందు నుంచి వెనక్కి కడగాలి, లేకపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది. ఈ మాట ఆయాకూ చెప్పండి. ఒంటికి, రెంటికి ఇంట్లో ఏ మాట వాడుతున్నారో ఆయాకు, డే కేర్‌వాళ్లకు ముందే నేర్పండి.

నిక్కరు తడిపినందుకు కొట్టడం, నలుగురిలో "ఛీ" అనడం, చెల్లెలితో పోల్చడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. భయపడిన బిడ్డ దాచుకోవడం, బిగబట్టుకోవడం నేర్చుకుంటుంది. రెండు మూడు వారాలు ప్రయత్నించాక ఏడుపులే మిగిలితే డైపర్ మళ్లీ వేసి కొన్ని వారాలు వదిలేయండి. అది ఓటమి కాదు, డాక్టర్లే ఇచ్చే సలహా.

రాత్రి సంగతి వేరు. పగలు పొడిగా ఉన్న పిల్లలు కూడా రాత్రి చాలాకాలం తడుపుతారు. ఐదేళ్లలోపు దాన్ని జబ్బుగా చూడరు. అమ్మకో నాన్నకో చిన్నప్పుడు ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం ఎక్కువ. కానీ ఆరు నెలలపాటు పొడిగా ఉన్న బిడ్డ మళ్లీ తడపడం మొదలుపెట్టినా, మూత్రం పోసేటప్పుడు మంట, జ్వరం ఉన్నా, విపరీతమైన దాహం ఉన్నా, మూత్రం ఎప్పుడూ చుక్కలుగా కారుతున్నా, మలంలో రక్తం కనిపించినా వెంటనే చూపించండి. పుట్టిన మొదటి రోజుల్లోనే మలం ఆలస్యంగా అయి అప్పటి నుంచీ మలబద్ధకం ఉంటే ఆ మాట డాక్టర్‌కు తప్పక చెప్పండి. మాటలు ఆలస్యమైన బిడ్డకు ఈ అలవాటు కూడా ఆలస్యం కావచ్చు, అప్పుడు పిల్లల ఎదుగుదలను చూసే నిపుణులు కావాలి. నిమ్‌హాన్స్ దగ్గరున్న ఇందిరాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైల్డ్ హెల్త్ ప్రభుత్వ రంగంలో పిల్లల కోసమే ఉన్న ఆసుపత్రి, ఖర్చుకు జంకేవాళ్లు అక్కడ అడగవచ్చు.

ప్లే స్కూల్‌కు వెళ్లినప్పుడు డైపర్ నిబంధన విని తలూపి రాకండి. పిల్లల బాత్రూమ్ చూపించమనండి. చిన్న సీట్లున్నాయా, ఎవరు తీసుకెళ్తారు, తడిస్తే ఏం చేస్తారు, అడగకుండానే మధ్యమధ్యలో తీసుకెళ్తారా అని అడగండి. బిడ్డ ఇంకా సిద్ధంగా లేదని డాక్టర్ అంటే ఆ మాట కాగితం మీద రాయించుకుని ఇవ్వండి. అయినా ఒప్పుకోకపోతే రెండు వీధుల అవతల ఇంకో ప్లే స్కూల్ ఉంటుంది, లేదా మూడు నెలలు ఆగి చేర్చండి.