యార్క్‌టౌన్‌లో ఓడిన కార్న్‌వాలిస్‌కు భారత్‌లో గవర్నర్ జనరల్ పదవి ఎలా దక్కింది?

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో లొంగిపోయినా, ఆ ఓటమి నింద బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ మీద పెద్దగా పడలేదు కాబట్టే 1786లో ఆయనకు ఈ పదవి దక్కింది.

అమెరికాలో బ్రిటిష్ సేనలకు పైఅధికారి ఆయన కాదు, న్యూయార్క్‌లో ఉన్న హెన్రీ క్లింటన్. ఫ్రెంచి నౌకాదళం చెసాపీక్ అఖాతాన్ని మూసేయడంతో సముద్రం మీదుగా సాయం అందే దారి పోయింది. అందుకే మూడో జార్జి రాజుకు ఆయన మీద నమ్మకం చెదరలేదు. అంతకన్నా ముఖ్యం, నిజాయితీపరుడన్న పేరు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల అవినీతితో విసిగిన ప్రభుత్వానికి అలాంటి మనిషే కావాల్సొచ్చింది.

ఆ భరోసా ఎంతటిదో చూడండి. గవర్నర్ జనరల్‌తో కలిసి పాలించే కౌన్సిల్‌లో ఎక్కువమంది వద్దన్నా తన నిర్ణయం అమలు చేసే అధికారం కావాలని ఆయన పట్టుబడితే, 1786లో పార్లమెంటు చట్టం మార్చి మరీ ఇచ్చింది. ఆ అధికారం లేకనే అంతకుముందు గవర్నర్ జనరల్‌గా ఉన్న వారన్ హేస్టింగ్స్ తన కౌన్సిల్‌తో ఏళ్ల తరబడి తిప్పలు పడ్డాడు. పైగా సర్వసేనాధిపతి పదవి కూడా కార్న్‌వాలిస్‌కే ఇచ్చారు.

ఆయన్ని శిక్షగా ఇండియాకు పంపారని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. అంతకుముందు ఇదే పదవి ఇస్తామంటే ఆయనే వద్దన్నాడు. యార్క్‌టౌన్‌లో లొంగిపోయినప్పుడు స్వయంగా అమెరికా సేనాధిపతి జార్జి వాషింగ్టన్ చేతికి కత్తి అప్పగించాడన్నదీ నిజం కాదు. ఒంట్లో బాగాలేదని చెప్పి, తన కింది అధికారి చార్లెస్ ఒహారాను పంపాడు.