వకీలు హాజరు కాక దావా కొట్టివేస్తే

ప్రశ్న: పొలం హద్దు తగాదాలో దావా వేసి, ఫీజు పూర్తిగా చెల్లించాం. అడిగినప్పుడల్లా వాయిదా పడిందనే వకీలుగారు చెప్పారు. ఎనిమిది నెలల క్రితమే మా తరఫున ఎవరూ హాజరు కాలేదని దావా కొట్టివేసినట్టు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చూశాం. కాగితాలూ ఇవ్వడం లేదు. ఎవరికి ఫిర్యాదు చేయాలి? – ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: ఫిర్యాదు కన్నా ముందు దావాను నిలబెట్టుకోండి. వకీళ్ల నమోదు, క్రమశిక్షణ చూసే బార్ కౌన్సిల్ వకీలును శిక్షించగలదే గాని, కొట్టివేసిన దావాను తిరిగి ఫైలుపైకి తేలేదు. ప్రతివాది హాజరై ఉండగా మీ గైర్హాజరుతో కొట్టివేసి ఉంటే, అదే కారణంపై కొత్త దావా చెల్లదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ ఆర్డరు 9వ రూలు కింద పునరుద్ధరణ కోరాలి. దాని గడువు 30 రోజులు దాటిపోయింది గనుక, లిమిటేషన్ చట్టం 5వ సెక్షను కింద జాప్యాన్ని మన్నించమనే పిటిషన్‌ను, వకీలు మీకేమి చెప్పిందీ తేదీలతో వివరించే అఫిడవిట్‌తో, వెంటనే వేరే వకీలు ద్వారా దాఖలు చేయండి. వకీలు తప్పుకు అమాయక కక్షిదారు నష్టపోకూడదని 1981లో రఫీక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే కక్షిదారు కూడా కేసును కనిపెట్టి ఉన్నాడా అని కోర్టులు ఇప్పుడు గట్టిగానే అడుగుతున్నాయి. ఫోన్ సందేశాలు, ఫీజు చెల్లింపుల ఆధారాలు అక్కడే అక్కరకొస్తాయి.

ఇక ఫిర్యాదు. అడ్వకేట్స్ చట్టం, 1961లోని 35వ సెక్షను కింద, ఆ వకీలు ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్ రోల్‌లో (వకీళ్ల నమోదు జాబితాలో) ఉన్నారో అక్కడే ఇవ్వాలి. విషయం ఉందని కౌన్సిల్ భావిస్తే ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. ఆ కమిటీ మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు నిలిపివేయవచ్చు, రోల్ నుంచి పేరే తొలగించవచ్చు. కేవలం అజాగ్రత్తను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పరిగణించరాదని సుప్రీంకోర్టు 1963లోనే చెప్పింది కనుక, ఒక వాయిదాకు రాలేదన్న ఆరోపణ ఒక్కటే నిలవదు. దావా పోయాక కూడా నడుస్తోందని నమ్మించడమే మీ ఫిర్యాదుకు ప్రాణం, దాన్నే ముందుంచండి. ఫీజు బాకీ సాకుతోనైనా కేసు కాగితాలను అట్టిపెట్టుకునే హక్కు వకీలుకు లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసు తేల్చింది. మీకైతే బాకీయే లేదు.

ఏడాదిలోగా ఫిర్యాదు తేలకపోతే అది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. రాష్ట్ర కౌన్సిల్ కమిటీ తీర్పు మీకు నచ్చకపోతే 60 రోజుల్లో అక్కడికే అప్పీలు చేసుకోవచ్చు. వినియోగదారుల కమిషన్ దారి మాత్రం 2024 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పుతో మూసుకుపోయింది. నష్టపరిహారం కావాలంటే సివిల్ కోర్టుకే వెళ్లాలి. మధ్యలో వకీలుగారు రాజీకి వచ్చి ఫీజు, కాగితాలు తిరిగిస్తామంటే నిరభ్యంతరంగా తీసుకోండి. రాజీ కుదిరిందన్న ఒక్క కారణంతో క్రమశిక్షణ విచారణ ఆగిపోదు.