హైవేలో కుడి లేన్‌లో నిదానంగా వెళ్తే తప్పేంటి?

"బెంగళూరు నుంచి అనంతపురం వెళ్లేటప్పుడు కుడి లేన్‌లోనే 80లో పోతాను. వెనకవాళ్లు హారన్ కొట్టి చంపుతారు. నా తప్పేముంది?" అని ఒకరు అడిగారు.

తప్పు స్పీడుది కాదు, లేన్‌ది. మనం ఎడమవైపు నడిపే దేశం కాబట్టి కుడి చివరి లేన్ ఓవర్‌టేక్ చేయడానికే. దాటేశాక, దాటిన బండి మొత్తం లోపలి అద్దంలో కనిపించాక, ఇండికేటర్ వేసి ఎడమకి వచ్చేయాలి. మీరు అక్కడే ఉండిపోతే వెనకవాడు ఎడమ నుంచి దూరతాడు. మీ ఎడమ అద్దంలో కనబడని చోటు ఎక్కువ, అసలు ప్రమాదం అక్కడే.

అయితే దేవనహళ్లి దాటాక ఎడమ లేన్ ఎలా ఉంటుందో నాకూ తెలుసు. టీ కోసం ఆపిన లారీ, ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బైకు. అందుకే లారీలవాళ్లూ కుడికే అతుక్కుంటారు. వాళ్ల కుడి ఇండికేటర్‌తో మరో తలనొప్పి: ఒకడికి అది "దాటి పో", ఇంకొకడికి "నేను కుడికి తిరుగుతున్నా". చక్రాలు ఎటు తిరుగుతున్నాయో చూడకుండా దాన్ని నమ్మొద్దు.

దూరం సంగతి కూడా చెప్పాలి. 100 స్పీడులో బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. ముందు కారు ఒక స్తంభాన్ని దాటాక మీరు దాటడానికి కనీసం 3 సెకన్లు పట్టాలి, వానలో ఇంకా ఎక్కువ. అన్నట్టు, వానలో బండి నడుపుతూ నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగించకండి, మీరు ఎటు తిరుగుతారో ఎవరికీ తెలీదు.