నర్సింగ్ చదువుకు డబ్బు సాయం: అడ్వాన్స్ కట్టే ముందు సీటు చూసుకోండి

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక ఊరు. నేను బీడీలు చేస్తాను, మా ఆయన ఆటో నడుపుతాడు. బీసీలం. మా పాప ఇంటర్ బైపీసీ పాసైంది, ఎప్‌సెట్ కూడా రాసింది. బీఎస్సీ నర్సింగ్ చేస్తానంటోంది. బెంగళూరులో సీటు ఇప్పిస్తా, స్కాలర్‌షిప్ కూడా నేనే చూసుకుంటా, ముందు అడ్వాన్స్ కట్టండి అని ఒక ఏజెంటు అంటున్నాడు. కట్టమంటారా?

జవాబు: వద్దమ్మా, ఇప్పుడే ఒక్క రూపాయి కూడా కట్టకండి. నర్సింగ్‌కు సర్కారు సాయం దొరకాలంటే పాప ఏ కోటాలో చేరిందన్నదే ముఖ్యం. కన్వీనర్ కోటా సీటుకు, అంటే ర్యాంకును బట్టి విశ్వవిద్యాలయం ఇచ్చే సీటుకు, ఫీజు రీయింబర్స్‌మెంట్ (సర్కారే ఫీజు కట్టే సాయం) అడగొచ్చు. కాలేజీవాళ్లే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే అదే కాలేజీ, అదే క్లాసు అయినా రాదు. ఏజెంట్లు ఇప్పించేవి చాలావరకు మేనేజ్‌మెంట్ సీట్లే. ఆ మాటలు నమ్మి చేర్పించి, రెండో ఏడాది ఫీజుకు వడ్డీకి అప్పు తెచ్చే తల్లిదండ్రులను చూస్తున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మన రాష్ట్రంలో కన్వీనర్ కోటా సీట్లను వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఎప్‌సెట్ ర్యాంకును బట్టి ఇస్తుంది. నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే రోజుల్లోనే తల్లిదండ్రులకు టెన్షన్, ఏజెంట్లకు పని. కాస్త ఓపిక పట్టండి. కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టేటప్పుడు ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలన్నీ పైన పెట్టించండి, ఎంత దూరమైనా సరే. ఫీజు తక్కువ, నెలనెలా స్టైపెండ్ ఉంటుంది, పెద్దాసుపత్రిలో పని నేర్చుకోవచ్చు. నన్నడిగితే ఏ స్కాలర్‌షిప్పూ దీనికి సాటి రాదు.

ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటు వస్తే రీయింబర్స్‌మెంట్ కోసం సర్కారు స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో దరఖాస్తు చేయాలి. బీసీలకు ఆదాయ పరిమితి ఊళ్లలో ఏడాదికి రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు. హాజరు 75 శాతం ఉండాలి, ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయించుకోవాలి. ఒక చిక్కుంది. ఈ డబ్బు సర్కారు నుంచి ఆలస్యంగా వస్తుంది. అప్పుడు కొన్ని కాలేజీలు ముందు మీరే కట్టండంటాయి, కోర్సు అయ్యాక బాకీ తీరేదాకా సర్టిఫికెట్లు ఇవ్వవు. ఉద్యోగం చేతికొచ్చే వేళ కాగితాలు లేక ఆగిపోవడం కన్నా బాధ ఇంకేముంటుంది? అందుకే చేరే ముందే ప్రిన్సిపాల్‌ను సూటిగా అడగండి: రీయింబర్స్‌మెంట్ లేటైతే మమ్మల్ని కట్టమంటారా? అదే కాలేజీలో చదువుతున్న పిల్లలను కూడా అడగండి. వాళ్లు ఉన్నదున్నట్టు చెబుతారు.

మీకు బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉందా? ఉంటే కేంద్ర కార్మిక శాఖ మీ పిల్లల చదువుకు స్కాలర్‌షిప్ ఇస్తుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. మన వైపు ఇంత మంది బీడీలు చేస్తున్నా ఈ సంగతి తెలియనివాళ్లే ఎక్కువ. బీడీ కార్మికుల డిస్పెన్సరీకి వెళ్లి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో పాటు ఇది కూడా తీసుకోవచ్చా అని ముందే అడగండి. ఆడపిల్లలకు ‘ప్రగతి’ స్కాలర్‌షిప్ ఉందని ఎవరైనా చెబితే, అది ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యామండలి) గుర్తింపు ఉన్న సాంకేతిక కోర్సులకే, నర్సింగ్‌కు కాదు.

పాప నీట్ కూడా రాసి ఉంటే మిలిటరీ నర్సింగ్ చూడండి. పెళ్లికాని అమ్మాయిలకు సైనిక ఆసుపత్రుల కాలేజీల్లో చదువు, వసతి ఉచితం, స్టైపెండ్ ఇస్తారు. చదువయ్యాక సైన్యంలో పని చేస్తామని బాండ్ రాయాలి. దానికి పాప మనసు ఒప్పుకోవాలి, మీ ఒక్కరి ఇష్టం చాలదు.

లోను చివరి మాట. తీసుకోవాల్సి వస్తే బ్యాంకులోనే తీసుకోండి, ఫైనాన్స్ కంపెనీల దగ్గర వద్దు. మెరిట్ సీటుకు రూ.7.5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇచ్చే పథకం ఉంది. కుటుంబ ఆదాయం రూ.4.5 లక్షల లోపుంటే, గుర్తింపు ఉన్న కాలేజీలో చదువుతున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో ఏడాది వడ్డీ కేంద్రమే కడుతుంది. అయితే అది దానంతటదే రాదు. ఆదాయ సర్టిఫికెట్ ఇచ్చి, వడ్డీ సబ్సిడీ కావాలని బ్యాంకులో అడగాలి.

ఈ వారమే మీసేవలో కులం, ఆదాయం సర్టిఫికెట్లకు పెట్టండి. పాప పేరు ఆధార్‌లో, పదో తరగతి మెమోలో ఒకేలా ఉందో లేదో చూడండి. ఆమె పేరునే బ్యాంకు ఖాతా ఉండాలి, దానికి ఆధార్ లింక్ చేయించండి. ఏజెంటు మళ్లీ ఫోన్ చేస్తే, కౌన్సెలింగ్ అయ్యాక మాట్లాడతామని చెప్పండి.