తమ్ముడూ, ఇల్లు అప్పుడే అమ్మకు

చిరంజీవి తమ్ముడికి, మరదలికి అక్క ఆశీస్సులు.

జూన్ నెలాఖరుకి నువ్వు రిటైర్ అవుతున్నావనీ, యాత్రలు చేసొచ్చి, నరసరావుపేట ఇల్లు అమ్మేసి, బెంగళూరులో మీ వాడి దగ్గరకి వచ్చేద్దామనుకుంటున్నారనీ మరదలు చెప్పింది. "మీరేమంటారు వదినా?" అని అడిగింది. ఫోన్లో చెబితే సగం విని "సరేలే అక్కా" అంటావని రాస్తున్నాను. యాత్రలు చెయ్యండి, బెంగళూరూ రండి. ఇల్లు మాత్రం ఇక్కడికి మారాక ఏడాది దాకా అమ్మొద్దు. వచ్చినా మీ వాడి ఇంట్లో కాపురం పెట్టొద్దు. నడిచి వెళ్ళేంత దూరంలో వేరే ఇల్లు అద్దెకి తీసుకోండి.

ముందు యాత్రల సంగతి. మోకాళ్ళు బాగున్నప్పుడే కేదారం వెళ్ళిరండి, కాశీ తర్వాతైనా వెళ్ళొచ్చు. గౌరీకుండ్ నుంచి కేదారనాథ్‌కి సుమారు 16 కిలోమీటర్ల ఎక్కుడు. గుడి ఉన్నది మూడున్నర వేల మీటర్ల పైన. గుర్రం మీద వెళ్ళినా గాలి చాలక ఆయాసం వస్తుంది, కాబట్టి ఇద్దరూ గుండె, బీపీ పరీక్షలు చేయించుకున్నాకే బయల్దేరండి. జూలై, ఆగస్టుల్లో వద్దు, వానలకి కొండచరియలు విరిగి దారులు మూసేస్తారు. సెప్టెంబరు చివర గానీ అక్టోబరు మొదట్లో గానీ మంచిది, దీపావళి దాటాక గుడి తలుపులు మూస్తారు. రిజిస్ట్రేషన్ లేకుండా పైకి పంపరు. హెలికాప్టర్ టికెట్ల పేరుతో దొంగ వెబ్‌సైట్లు బోలెడున్నాయి. ఐఆర్‌సీటీసీ వాళ్ళ హెలీయాత్ర సైట్లో తప్ప ఎవరికీ పైసా కట్టకు, వాట్సాప్‌లో ఎంత చక్కటి రసీదు పంపినా సరే. కాశీకి సంఘమిత్ర రైలు విజయవాడ మీదుగానే పోతుంది. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగితే ఊరు దగ్గరే.

రైలు టికెట్‌లో పెద్దవాళ్ళ రాయితీ వస్తుందని లెక్క వేసుకున్నావేమో, అది 2020 మార్చిలో ఆపేశారు, మళ్ళీ ఇవ్వలేదు. కింది బెర్తుల కోటా మాత్రం ఉంది. అరవై దాటిన మగవాళ్ళకి, నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకి వర్తిస్తుంది. ఇద్దరికే టికెట్ తీస్తే ఆ కోటాలో దొరుకుతుంది. పదిమందిని కలిపి ఒకే టికెట్ మీద తీస్తే రాదు, అందుకని మన బావమరుదుల బృందాన్ని విడివిడిగా తీసుకోమను.

నవంబరులో పింఛను కోసం, బతికే ఉన్నామని చూపే జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి కదా. తపాలా శాఖలో చేసినవాడికి నేను చెప్పాలా అంటావు. కానీ ఇన్నేళ్ళూ కౌంటర్‌కి అవతల కూర్చున్నవాడివి, ఇప్పుడు ఇవతలకి వచ్చావు. ఫోన్లో ముఖం చూపిస్తే అయిపోతుంది, ఏ ఊళ్ళో ఉన్నా ఫరవాలేదు. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం) కార్డు ఉంటే బెంగళూరు వచ్చాక ఇక్కడి వెల్‌నెస్ సెంటర్‌కి, అంటే వాళ్ళ డిస్పెన్సరీకి, మార్పించుకో.

సంక్రాంతికి మీ వాణ్ణీ కోడల్నీ పిల్లాణ్ణీ నరసరావుపేటకే రమ్మనండి. అది దాటాక ఒక నెల బెంగళూరు వచ్చి, సామాను తేకుండా, ఉండి చూడండి. ఇల్లు మారడం ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి. బడులకి సెలవులు కాబట్టి చాలామంది ఇళ్ళు ఖాళీ చేసేది అప్పుడే. పైగా పల్నాడు ఎండలు తప్పించుకుంటారు. మరదలు మూఢం, ఆషాఢం చూస్తుంది కాబట్టి ఆ లెక్క ముందే వేసుకోండి, చివర్లో ముహూర్తం కుదరక ఖాళీ ఇంటికి అద్దె కట్టేవాళ్ళని చూస్తూనే ఉన్నాను.

ఇక వేరే ఇల్లు ఎందుకంటానో చెబుతాను. మీ కోడలు బంగారం, అందులో ఏ అనుమానమూ లేదు. అయినా వాళ్ళిద్దరివీ అమెరికా వాళ్ళతో మాట్లాడే ఉద్యోగాలు. రాత్రి పదింటికి కాల్స్, పదిన్నరకి భోజనం. నీకు ఏడున్నరకి అన్నం పెట్టకపోతే ముఖం మాడిపోతుంది. పొద్దున్నే అయిదింటికి నువ్వు రేడియో పెడతావు, వాళ్ళు నిద్రపోయేదే ఒంటిగంటకి. వంటింట్లో ఆ పిల్లకి కారం సగం చాలు, మరదలికి గుంటూరు మిరపకాయ లేకపోతే కూరే కాదు. ఇవేవీ పెద్ద గొడవలు కావు, ఎవరి తప్పూ లేదు. కానీ నీ స్నేహితుడు ఊరినుంచి వచ్చి రెండ్రోజులు ఉంటానంటే, "మా వాణ్ణి అడిగి చెబుతా" అనాల్సి వస్తుంది చూడు, అక్కడ నీకు మనసు చివుక్కుమంటుంది. చేతిలో సొంత తాళంచెవి ఉంటే ఆ మాట రాదు. మీ బావగారు మా అబ్బాయి ఇంటికి రోజూ సాయంత్రం వెళ్తారు, కాఫీ తాగుతారు, చంటిదానితో ఆడి ఎనిమిదిలోపు ఇంటికొచ్చేస్తారు. వెళ్ళని రోజున వాళ్ళే ఫోన్ చేసి ఏమైందని అడుగుతారు.

మనవడి విషయం మొదట్లోనే మాట్లాడుకోండి. బడి బస్సు దగ్గర దింపుకోవడం, వాళ్ళు వచ్చేదాకా చూసుకోవడం మీకూ సంతోషమే. కానీ ఎవరూ మాట్లాడకపోతే, ఆ పని నెమ్మదిగా మరదలి ఒక్కదాని మీద పడుతుంది. నీకు రిటైర్‌మెంట్ వచ్చింది, ఆవిడకి రాలేదు. వారంలో ఏ రోజులు మీవి, ఏ రోజులు వాళ్ళవి, మీరు ఊళ్ళు తిరిగేటప్పుడు పిల్లాణ్ణి డేకేర్‌లో వేస్తారా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. ఇది నువ్వే కదిలించాలి. మరదలు అడగదు, నాకు తెలుసు.

ఇల్లు వెతికేటప్పుడు అన్నిటికంటే ముందు నీళ్ళ గురించి అడుగు. వైట్‌ఫీల్డ్ వైపు చాలా అపార్ట్‌మెంట్లు బోర్లమీదా ట్యాంకర్లమీదా నడిచేవే. 2024 వేసవిలో ఇక్కడ నీళ్ళకి ఎంత కటకటలాడారో పేపర్లో చదివే ఉంటావు. ఆ అక్టోబరులో కావేరి నీళ్ళ పథకం అయిదో దశ ప్రారంభించారు గానీ, ఫలానా భవనానికి కనెక్షన్ ఉందా, రోజు విడిచి రోజు వస్తాయా అన్నది ఓనర్‌ని కాదు, వాచ్‌మన్‌ని అడుగు. ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసిందో లేదో కూడా కనుక్కో. లిఫ్ట్‌కి జనరేటర్ లేకపోతే మొదటి అంతస్తు దాటొద్దు.

అడ్వాన్సు ఇక్కడ మన ఊళ్ళోలా ఒకటి రెండు నెలలది కాదు. ఒకప్పుడు పది నెలల అద్దె అడిగేవాళ్ళు, ఇప్పుడు కొంత తగ్గింది, బేరమాడు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటారు, అది అగ్రిమెంటులో ఎలా రాశారో చదువుకో. ఇంకొకటుంది, లీజు అంటారు. లక్షలు ఒక్కసారే ఇస్తే రెండు మూడేళ్ళు అద్దె లేకుండా ఉండొచ్చు, పోయేటప్పుడు మొత్తం వెనక్కి ఇస్తామంటారు. రిటైరైన డబ్బు చేతిలో ఉన్నవాడికి ఇది భలే బేరంలా కనిపిస్తుంది. వద్దు. ఓనర్ ఆ ఇంటిమీద బ్యాంకు అప్పు తీసుకుని కట్టకపోతే బ్యాంకువాళ్ళు వచ్చి తాళం వేస్తారు, నీ డబ్బు కోసం నువ్వు కోర్టు చుట్టూ తిరగాలి. నీ డబ్బు నీ పోస్టాఫీసులోనే ఉండనీ, వడ్డీలోంచి అద్దె కట్టు.

సామానులో సగం తేవద్దు. టేకు మంచం ఇక్కడి గదిలో పట్టదు, రోలు పెట్టుకునే చోటు లేదు. ప్యాకర్ల దగ్గర సామాను జాబితా, మొత్తం ధర కాగితం మీద రాయించుకో. లారీ ఇక్కడికి వచ్చాక ఇంకో పది వేలిస్తేనే దించుతామనే రకాలు ఉన్నారు. కాబట్టి సామాను దిగాకే మిగతా డబ్బు ఇవ్వు. బంగారం, దస్తావేజులు మీతోనే తెచ్చుకోండి. స్కూటర్ అక్కడే అమ్మేయి. బండి ఇక్కడ ఏడాది దాటి ఉంటే ఇక్కడి నంబరు వేయించి, ఇక్కడి పన్ను కట్టాలి, అంత తిరుగుడు ఆ పాత బండికి దండగ.

స్థిరపడతామని అనిపించాక ఆధార్‌లో అడ్రస్ మార్పించండి. కర్ణాటక అడ్రస్ ఉంటే ఆడవాళ్ళు ఇక్కడి ప్రభుత్వ మామూలు బస్సుల్లో డబ్బు కట్టక్కర్లేదు. మరదలికి ఊరు అలవాటయ్యేది ఆ బస్సుల్లోనే. మెట్రో కూడా వైట్‌ఫీల్డ్ దాకా వచ్చేసింది. మెజెస్టిక్‌లో మారి సంపిగె రోడ్‌లో దిగితే మల్లేశ్వరం సంత, పక్కనే వయ్యాలికావల్‌లో టీటీడీ గుడి, తెలుగు విజ్ఞాన సమితి. నీలాంటి పద్యాల పిచ్చివాళ్ళు అక్కడ దొరుకుతారు. మా వైపు కూరగాయలబ్బాయి నుంచి మందుల షాపు దాకా తెలుగు నడుస్తుంది. అయినా మాట కన్నడంలో మొదలుపెట్టు, రెండు ముక్కలైనా సరే, మనుషులు ఎంత కలుపుగోలుగా ఉంటారో చూద్దువు. లిపి మనదానికి దగ్గరే కదా, బస్సు బోర్డులు చదవడం వారంలో వచ్చేస్తుంది.

నరసరావుపేట ఇంటిని తెలిసినవాళ్ళకి అద్దెకివ్వండి, ఒక గది మాత్రం మీకు ఉంచుకుని. ఇక్కడ ఏడాది గడిచాక ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పండి, అమ్మాలా వద్దా అని. ఇద్దరి మాటా ఒకటైతే అమ్మండి, లేకపోతే ఇంకో ఏడాది ఆగండి.

సంక్రాంతికి మేమూ వస్తాం. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే మొదలవుతుంది, ప్రశాంతి రైల్లో పండగ టికెట్లు నిమిషాల్లో అయిపోతాయి. మీ వాడి సెలవులు ఎప్పటినుంచో కనుక్కుని చెప్పు, అందరికీ కలిపి మీ బావగారు చూస్తారు.

అక్క