యోగా అంటే ఆసనాలేనా? ఒళ్లు వంగనివాళ్లు చేయలేరా?

చేయొచ్చండీ, నిరభ్యంతరంగా. పతంజలి యోగసూత్రాలు దాదాపు 195 ఉంటే, ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడే. వాటిలో మొదటిది ‘స్థిరసుఖమాసనమ్’. కదలకుండా, హాయిగా కూర్చోగలిగితే అదే ఆసనం. చిత్తవృత్తులను, అంటే మనసులో రేగే ఆలోచనలను, నిలపడమే యోగమని రెండో సూత్రంలోనే చెప్పేశాడాయన. యోగానికి ఆయన చెప్పిన ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది. అహింస, సత్యం లాంటి యమనియమాలు, అంటే నడవడికి సంబంధించిన కట్టుబాట్లు, దానికంటే ముందున్నాయి. ఒంటిని మెలితిప్పే ఆసనాలు తర్వాతి హఠయోగ గ్రంథాల్లో పెరిగాయి. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో వివరించినవీ పదిహేనే.

మాది నెల్లూరు రంగనాయకులపేట. ఎండాకాలం తెల్లారకముందే మేడ మీద కూర్చుంటాం, పెన్న వైపు నుంచి కాస్త చల్లగాలి తగిలేది అప్పుడే. మా అమ్మకు బాసిపట్టు వేస్తే మోకాళ్లు పైకి లేచి, నడుము వెనక్కి వాలిపోయేది. పాత దుప్పటి నాలుగు మడతలు వేసి పిరుదుల కింద పెట్టాం. తుంటి ఎత్తయింది, మోకాళ్లు కిందికి దిగాయి, వెన్ను దానంతటదే నిలబడింది. ఇప్పుడు పావుగంట శ్వాసను గమనిస్తూ కూర్చుంటుంది. నేల మీద కుదరకపోతే పాదాలు నేలకు ఆనేలా కుర్చీలో కూర్చోండి. మోకాలినొప్పి ఉంటే మాత్రం బలవంతంగా పద్మాసనం వేయకండి.